షెర్లాక్ హోమ్స్: తొమ్మిది పుస్తకాల్లో దేనితో మొదలుపెట్టాలి?

షెర్లాక్ హోమ్స్‌ను చదవాలని నిశ్చయించుకున్న పాఠకుడు సాధారణంగా సమగ్ర సంపుటం అనే లావుపాటి పుస్తకాన్ని కొని, మొదటి పేజీ నుంచి వరుసగా చదవబోతాడు. అందులో మొదట ఉండేది 1887లో వెలువడిన ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ నవల. ఖాళీ ఇంట్లో ఒక శవం, అఫ్గాన్ యుద్ధంలో గాయపడి తిరిగి వచ్చిన ఒక డాక్టరు, అతనితో గది పంచుకున్న ఒక వింత మనిషి, ఇలా కథ ఊపందుకుంటుంది. సరిగ్గా సగానికి వచ్చేసరికి హంతకుడు పట్టుబడతాడు. ఆ వెంటనే రచయిత పాఠకుణ్ణి తీసుకువెళ్లి అమెరికాలోని యూటా ఎడారిలో దింపి, ఐదు అధ్యాయాల పాటు హోమ్స్ ఊసే లేకుండా మోర్మన్లు అనే మతశాఖ వారి కథ చెబుతాడు. ఆసక్తితో మొదలుపెట్టిన వాళ్లు పుస్తకాన్ని పక్కన పడేసే ప్రమాదం అక్కడే ఎక్కువ. తప్పు పాఠకుడిది కాదు, వరుసది. ఏది ముందు, ఏది తర్వాత, దేన్ని వదిలేసినా ఫర్వాలేదు అన్నది తెలుసుకుని మొదలుపెడితే ఈ చిక్కు రాదు.

ఎంచుకోవడానికి ముందు ఒక కొలబద్ద అవసరం. నేర రహస్యం ఎంత జటిలంగా ఉందన్నది ఈ కథల విషయంలో పనికివచ్చే కొలత కాదని నా అభిప్రాయం. ముగింపు తెలిసిపోయిన కథను కూడా జనం మళ్లీ మళ్లీ చదువుతున్నారంటే, వాళ్లు వస్తున్నది మరొకదాని కోసం. బేకర్ వీధిలో 221బి నంబరు ఇంటి మేడమీద గది, తలుపు తట్టి లోపలికి వచ్చే అపరిచితుడు, అతను నోరు విప్పక ముందే హోమ్స్ చెప్పే నాలుగు మాటలు, వాటికి అతని స్నేహితుడూ, ఈ కథలు చెప్పేవాడూ అయిన డాక్టర్ వాట్సన్ పడే ఆశ్చర్యం, ఇద్దరు స్నేహితుల మధ్య సాగే ఎత్తిపొడుపులూ మెచ్చుకోళ్లూ: ఈ సిరీస్ ఇంతకాలం నిలిచింది వీటి వల్లనే. కాబట్టి ఈ సరుకు ఏ పుస్తకంలో ఎక్కువగా ఉంటే ఆ పుస్తకం ముందు చదవాలి.

మొత్తం సరుకు నాలుగు నవలలు, యాభై ఆరు కథలు. కథలు ఐదు సంపుటాలుగా వచ్చాయి కాబట్టి పుస్తకాలు తొమ్మిది. రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ ఎడిన్‌బరోలో వైద్యం చదివి, పోర్ట్స్‌మత్ దగ్గర సౌత్‌సీలో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. మొదటి నవల హక్కుల్ని ఆయన 25 పౌండ్లకు అమ్ముకున్నాడు. అది పెద్దగా పేరు తేలేదు. 1890లో వచ్చిన రెండో నవల కూడా అంతంత మాత్రమే. పేరు తెచ్చినవి 1891 జూలై నుంచి ‘స్ట్రాండ్’ మాసపత్రికలో నెలకొకటిగా వచ్చిన చిన్న కథలు. పత్రికల్లో సీరియల్ వేస్తే ఒక సంచిక తప్పిపోయిన పాఠకుడు కథే వదిలేస్తాడనీ, అదే పాత్ర ప్రతి నెలా వస్తూ, కథ మాత్రం ఏ నెలకానెల పూర్తయిపోతే పత్రికకూ పాఠకుడికీ మేలనీ డాయిల్ ఆలోచించాడు. వారపత్రికల సీరియళ్లలో ఒక్క వారం తప్పిపోయి అవస్థపడిన తెలుగు పాఠకులకు ఈ ఆలోచన విలువ వేరే చెప్పనక్కర లేదు.

ఈ ఏర్పాటు వల్ల ఇవాళ్టి పాఠకుడికి దొరికే సౌకర్యం ఏమిటంటే, కథల్ని ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు. పూర్వాపరాలను డాయిల్ స్వయంగా పట్టించుకోలేదు. వాట్సన్‌కు యుద్ధంలో తూటా తగిలింది మొదటి నవలలో భుజానికి, రెండో నవలలో కాలికి. క్రమం తప్పకుండా పాటించవలసిన చోటు ఒక్కటే ఉంది: ‘ద ఫైనల్ ప్రాబ్లం’ చదివిన తర్వాతే ‘ద ఎంప్టీ హౌస్’ చదవాలి. మొదటిది 1893 డిసెంబరులోనూ, రెండోది 1903లోనూ వచ్చాయి. ఆ రెంటి మధ్య పదేళ్లు స్ట్రాండ్ పాఠకులు ఏ స్థితిలో ఉన్నారో తెలియాలంటే ఆ కథల్ని తిరగేసి చదవకూడదు.

నవలా, కథా అన్న ప్రశ్నకు నా సమాధానం నిస్సందేహంగా కథే. కారణం ‘ద రెడ్ హెడెడ్ లీగ్’ అనే కథ మొదటి మూడు పేజీల్లో కనిపిస్తుంది. జేబెజ్ విల్సన్ అనే లావుపాటి, ఎర్రజుట్టు తాకట్టు వ్యాపారి వచ్చి కూర్చుంటాడు. వాట్సన్ అతన్ని ఎగాదిగా చూసి, ఎర్రజుట్టు తప్ప విశేషం ఏమీ పట్టుకోలేకపోతాడు. హోమ్స్ మాత్రం, ఈయన ఒకప్పుడు కాయకష్టం చేశాడనీ, నస్యం పీలుస్తాడనీ, ఫ్రీమేసన్ సంఘ సభ్యుడనీ, చైనా వెళ్లి వచ్చాడనీ, ఈ మధ్య విపరీతంగా రాతపని చేస్తున్నాడనీ, ఇంతకు మించి తనకేమీ తెలియడం లేదని అంటాడు. విల్సన్ కుర్చీలో ఉలిక్కిపడతాడు. అప్పుడు వివరణ వస్తుంది. కుడిచెయ్యి ఎడమచేతి కన్నా పెద్దది. ఓడల్లో వడ్రంగం చేసిన చెయ్యి అది. కుడి మణికట్టు పైన చేప పచ్చబొట్టు ఉంది, దాని పొలుసులకు లేత గులాబీ రంగు వేసే పద్ధతి చైనాలోనే ఉంది, పైగా గడియారం గొలుసుకు చైనా నాణెం వేలాడుతోంది. కుడి చొక్కాచెయ్యి అంచు ఐదంగుళాల మేర మెరుస్తోంది, ఎడమ మోచేయి బల్లకు ఆనే చోట బట్ట నున్నబడింది. అంతా విన్న విల్సన్ పెద్దగా నవ్వి, మీరేదో గొప్ప పని చేశారనుకున్నాను, తీరా చూస్తే ఇందులో ఏమీ లేదే అనేస్తాడు. వివరించి తప్పు చేశానేమోనని హోమ్స్ వాట్సన్‌తో వాపోతాడు.

ఈ సన్నివేశంలో నేరం ఇంకా మొదలే కాలేదు. వారానికి నాలుగు పౌండ్ల జీతానికి రోజూ పది నుంచి రెండు దాకా కూర్చుని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాను చేత్తో ఎత్తి రాసే వింత ఉద్యోగం సంగతి విల్సన్ ఇంకా చెప్పనే లేదు. అయినా పాఠకుడు అప్పటికే పూర్తిగా చిక్కుకుపోయి ఉంటాడు. కిటుకు చూపించి, ఆ కిటుకు ఎలా పనిచేసిందో విప్పి చెప్పి, చెప్పినందుకు చులకనైపోయి, అయినా మర్నాడు మళ్లీ చూపించడం: అరవై రచనల్లో పదేపదే జరిగేది ఇదే. ఎన్నిసార్లు జరిగినా విసుగు పుట్టదు. నవలలో ఇది ఒకటి రెండు సార్లకు మించి జరగదు. మిగతా పేజీల్ని వెంటాడడాలతోనూ, పాత పగల కథలతోనూ నింపవలసి వస్తుంది.

ఇక కథా సంపుటాల్లో మొదటిదైన ‘అడ్వెంచర్స్’ (1892) మేలా, రెండోదైన ‘మెమాయిర్స్’ మేలా అన్నది నిజంగా ఆలోచించవలసిన ప్రశ్న. కొత్తవారికి నేను మొదటిదే ఇస్తాను. ఇందులోని పన్నెండు కథల్లో హత్యలు తక్కువ, వింతలు ఎక్కువ. క్రిస్మస్ బాతు కడుపులో దొరికిన రత్నం, పెళ్లినాడే మాయమైన పెళ్లికొడుకు, భారతదేశంలో డాక్టరుగా పనిచేసి వచ్చిన క్రూరుడైన సవతి తండ్రి ఇంట్లో రాత్రిపూట వినిపించే ఈల, ఇటువంటివి. వరుసలో మొదటి కథ ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’లో హోమ్స్ ఒక స్త్రీ చేతిలో ఓడిపోతాడు. సిరీస్‌ను కథానాయకుడి ఓటమితో మొదలుపెట్టడానికి రచయితకు ధైర్యం కావాలి. అయినా మొదటిసారి చదివేవారు రెండో కథ అయిన ‘రెడ్ హెడెడ్ లీగ్’ ముందు చదివి, ఆ తర్వాత మొదటి కథకు రావడం మంచిది. గెలిచేవాడిగా పరిచయమైన తర్వాతే ఓటమికి రుచి.

అన్నీ తెలిసిన వీరుడంటే గిట్టని పాఠకులు కొందరుంటారు. వాళ్లకు మాత్రం ‘మెమాయిర్స్’ బాగా నప్పుతుంది. అందులోని ‘ద యెల్లో ఫేస్’ కథలో హోమ్స్ ఊహ మొదటి నుంచి చివరిదాకా తప్పు. దాన్ని అతను ఒప్పుకునే తీరు ఆ సంపుటంలోని మంచి క్షణాల్లో ఒకటి. ‘సిల్వర్ బ్లేజ్’లో మాయమైన పందెపు గుర్రం ఉంది. ‘ద గ్రీక్ ఇంటర్‌ప్రెటర్’లో హోమ్స్ అన్నయ్య మైక్రాఫ్ట్ తొలిసారి కనిపిస్తాడు. సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడకూడదన్న నియమం ఉన్న క్లబ్బు కిటికీ దగ్గర అన్నదమ్ములిద్దరూ కూర్చుని, వీధిలో పొట్లాలు పట్టుకు వెళ్తున్న ఒక అపరిచితుణ్ణి చూస్తారు. పోటాపోటీగా అతను ఇండియాలో పనిచేసి ఇటీవలే విడుదలైన సైనికుడనీ, భార్య పోయిందనీ, పిల్లలున్నారనీ తేలుస్తారు. ఒక పిల్లాడు అని తమ్ముడంటే, పిల్లలు అని అన్న సరిదిద్దుతాడు. మొదటి సంపుటం చదివి హోమ్స్‌ను మించినవాడు లేడనుకున్న పాఠకుడికి ఆ సవరణ ఇచ్చే ఆనందం వేరు. అందుకే దీన్ని రెండోదిగా చదవమనడం. సంపుటం చివరి కథ ‘ఫైనల్ ప్రాబ్లం’. అది ముగిశాక కాస్త విరామం ఇవ్వండి.

ఆ విరామంలో చదవడానికి సరైనది ‘ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్’ (1902). నాలుగు నవలల్లో ఒక్కటే చదవగలిగితే ఇదే చదవాలి. డార్ట్‌మూర్ బీడు భూములు, మనుషుల్నీ గుర్రాల్నీ మింగే ఊబి, ఒక వంశాన్ని వెంటాడుతున్న దెయ్యపు కుక్క కథ: దీని బలం అంతా వాతావరణంలో ఉంది. నేను పైన చెప్పిన కొలబద్ద ప్రకారం ఇది నెగ్గకూడదు. ఎందుకంటే పదిహేను అధ్యాయాల్లో ఇంచుమించు ఆరు అధ్యాయాల పాటు హోమ్స్ కంటికే కనిపించడు. కానీ ఆ ఖాళీని వాట్సన్ నింపుతాడు. స్నేహితుడికి ఉత్తరాలు రాస్తూ, డైరీ పెడుతూ, ఒంటరిగా పరిశోధన సాగించిన వాట్సన్ ఈ నవలలో తోక కాదు, తల. పైగా మొదటి అధ్యాయం మొత్తం బేకర్ వీధి గదిలోనే జరుగుతుంది. ఎవరో మరిచిపోయిన చేతికర్రను పట్టుకుని దాని యజమాని ఎవరో వాట్సన్ ఊహిస్తాడు. హోమ్స్ తెగ మెచ్చుకుని, ఆపైన ఆ ఊహల్లో చాలా భాగం తప్పని నిరూపిస్తాడు. మీ పొరపాట్లే నాకు దారి చూపించాయి అని మెచ్చుకోలులోనే పోటు పెట్టడం ఈ స్నేహంలోని సొగసు.

రెండో స్థానం ‘ద సైన్ ఆఫ్ ఫోర్’కు ఇస్తాను, కొన్ని అభ్యంతరాలతో. మొదటి అధ్యాయంలో వాట్సన్ తన జేబు గడియారాన్ని హోమ్స్ చేతికి ఇచ్చి దీని పాత యజమాని గురించి చెప్పమంటాడు. దాని మీది గీతలు చూసి హోమ్స్ చెప్పిన సంగతులు వాట్సన్ సొంత అన్నయ్యవి, తాగుడుకు బలైపోయినవాడివి. ఎదుటి మనిషికి ఎక్కడ తగులుతుందో చూసుకోని తెలివికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మొత్తం సిరీస్‌లో లేదు. ఆ తర్వాత థేమ్స్ నది మీద ఆవిరి పడవల వెంటాట ఉంది. అయితే ఈ కథకు మూలం 1857లో ఆగ్రా కోటలో దాచిన నిధి కావడంతో, భారతీయ పాఠకుడు దీన్ని ఇంగ్లీషువాడు చదివినట్లు చదవలేడు. సిక్కు సిపాయిలుగా పరిచయమయ్యే వారి పేర్లు మహమ్మద్ సింగ్, అబ్దుల్లా ఖాన్, దోస్త్ అక్బర్! ఆ పేర్లకు నవ్వుకోవచ్చు గాని, అండమాన్ ఆదివాసిని మృగంలా వర్ణించిన పేజీలకు నవ్వు రాదు. విల్లంబులు వాడే ఆ ప్రజల చేతికి ఊదే గొట్టం, విషపు ముళ్లూ ఇవ్వడంలో కూడా డాయిల్ సరైన సమాచారం కోసం కష్టపడలేదు. సామ్రాజ్యం తన అధీనంలోని జనాన్ని ఎలా ఊహించుకుందో చూడడానికి కూడా ఈ నవల చదవవచ్చు. మొదటి పుస్తకంగా మాత్రం వద్దు.

మిగిలిన రెండు నవలలూ రెండు ముక్కలుగా విరిగినవే. ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ సంగతి చెప్పాను. హోమ్స్, వాట్సన్‌లు మొదటిసారి కలుసుకున్న ఘట్టం కోసం తర్వాతెప్పుడైనా మొదటి సగం చదవండి. 1915లో పుస్తకంగా వచ్చిన ‘ద వ్యాలీ ఆఫ్ ఫియర్’ రెండో సగం అమెరికా బొగ్గుగనుల్లోని రహస్య ముఠా కథ. అది స్వతంత్ర నవలగా నిలబడగలిగినంత బిగువుగా ఉంటుంది గాని, అందులో హోమ్స్ లేడు.

తర్వాతి సంపుటాల్లో ‘రిటర్న్’ (1905) తప్పకుండా చదవదగ్గది. పదమూడు కథలున్న ఈ పుస్తకంలో నెపోలియన్ బొమ్మల్ని వెతికి వెతికి పగలగొట్టే ‘ద సిక్స్ నెపోలియన్స్’, పిల్లలు గీసినట్లున్న మనిషి బొమ్మల రహస్య లిపి చుట్టూ నడిచే ‘ద డాన్సింగ్ మెన్’ మొదటి రెండు సంపుటాల స్థాయికి తీసిపోవు. ‘హిజ్ లాస్ట్ బౌ’ (1917) మిశ్రమ సరుకు. ‘కేస్ బుక్’ (1927) అన్నిటికన్నా బలహీనం. అందులో రెండు కథల్ని వాట్సన్ బదులు హోమ్సే చెబుతాడు; చెప్పడం మొదలుపెట్టగానే, పాఠకుడికి ఆసక్తి కలిగేలా రాయడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసిందని ఒప్పుకుంటాడు. వాట్సన్ లేని హోమ్స్ ఎలా ఉంటాడో ఆ రెండు కథలు చూపించేస్తాయి. ఐదు సంపుటాలూ కొనే ఉద్దేశం లేనివారు మూడింటితో ఆగిపోవచ్చు.

అసలు హోమ్సే మీకు తగినవాడా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. పరిశోధకుడితో పోటీపడి హంతకుణ్ణి ముందుగా తనే పట్టుకోవాలనుకునే పాఠకుడు ఇక్కడ నిరాశపడతాడు. హోమ్స్ ఎవరికో టెలిగ్రాం ఇస్తాడు, ఒంటరిగా బయటికి వెళ్లి వస్తాడు, భూతద్దంతో చూసిందేమిటో చెప్పడు. చివర్లో అన్నీ ఒకేసారి విప్పుతాడు. ఆధారాలన్నీ పాఠకుడి ముందు పరిచి, ఇక కనుక్కో చూద్దాం అనే ఆట కావాలంటే 1920లో తొలిసారి కనిపించిన అగాథా క్రిస్టీ పాత్ర హెర్క్యూల్ పాయిరో దగ్గరికి వెళ్లాలి. తెలివికి తోడు సంసారమూ, మన వీధుల్లాంటి వీధులూ కావాలంటే, శరదిందు బందోపాధ్యాయ 1932 నుంచి రాసిన బ్యోమకేశ్ బక్షీ కథలున్నాయి. డిటెక్టివ్ అన్న మాట నచ్చక తనను సత్యాన్వేషి అని చెప్పుకునే ఈ కలకత్తా మనిషిని 1993 దూరదర్శన్ సీరియల్ ద్వారా మన తరం వాళ్లు చాలామంది ఎరుగుదురు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, రాజుల నవలల్ని అద్దెకు తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివేసిన పాఠకులకు మాత్రం హోమ్స్ కథల్లో వేగం తక్కువనిపించవచ్చు. అలాంటివారు నా వరుస పక్కన పెట్టి ‘ద స్పెకిల్డ్ బ్యాండ్’ కథతో మొదలుపెట్టడం మంచిది. 1927లో తన కథల్లో మేలైన పన్నెండింటిని ఎంచినప్పుడు డాయిల్ మొదటి స్థానం ఇచ్చింది దానికే.

హోమ్స్ తర్కం మరీ నిశితంగా పరీక్షిస్తే నిలబడదన్నదీ తెలుసుకునే దిగాలి. ఒక కథలో దొరికిన టోపీ పెద్దదిగా ఉంది కాబట్టి దాని యజమాని మేధావి అయి ఉండాలంటాడు. టోపీకి దుమ్ము దులపలేదు కాబట్టి భార్యకు అతని మీద ప్రేమ పోయిందంటాడు. మొదటిది శాస్త్రం కాదు, రెండోది న్యాయం కాదు. ఇది దోషమే. అయినా చదువుతున్నంతసేపూ ఆ దోషం గుర్తురాకుండా చేసేది హోమ్స్ గొంతులోని ధీమా, వాట్సన్ చెప్పే తీరు.

కొనేటప్పుడు జాగ్రత్తపడవలసింది సంక్షిప్త ప్రతుల విషయంలో. పిల్లల కోసమనో, పరీక్షల కోసమనో కుదించే వాళ్లు నేరాన్నీ పరిష్కారాన్నీ ఉంచి, మొదట్లోని సంభాషణల్ని కోసేస్తారు. అంటే పండు పారేసి టెంక ఇస్తారు. ఇంగ్లీషు ప్రతి అయినా, తెలుగు అనువాదమైనా, కొనే ముందు ‘రెడ్ హెడెడ్ లీగ్’ తెరిచి పచ్చబొట్టు, చైనా నాణెం, మెరిసే చొక్కాచెయ్యి ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే కొనవద్దు. మూల రచనల కాపీరైట్ మన దేశంలో ఎప్పుడో ముగిసింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు పాతదే గాని కఠినమైనది కాదు. గుర్రపు బండ్ల పేర్లూ, వీధుల పేర్లూ అర్థం కాకపోయినా కథ ఆగదు. లెస్లీ క్లింగర్ వివరణలతో వచ్చిన మూడు పెద్ద సంపుటాలు చాలా విలువైనవే. అయితే మొదటిసారి చదివేటప్పుడు అడుగడుగునా పక్కనున్న నోట్సు వైపు చూపు పోతుంది కాబట్టి వాటిని రెండోసారికి దాచుకోవడం మంచిది.

తెర మీద చూడదలచుకున్నవారికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. కథాకాలాన్నీ కథనాన్నీ చాలావరకు ఉన్నదున్నట్టు తీసుకున్నది జెరెమీ బ్రెట్ నటించిన గ్రెనాడా టీవీ సిరీస్ (1984–1994). కథల్ని నేటి లండన్‌కు తెచ్చినది బెనెడిక్ట్ కంబర్‌బాచ్ నటించిన బీబీసీ సిరీస్ (2010–2017). రెండోది చురుకైనది, కానీ దాని చమత్కారాల్లో సగం మూలకథ తెలిసినవారి కోసం వేసినవి. మొదటి నవలలో శవం దగ్గర దొరికిన ఒక మాటను పోలీసులు ఆడపిల్ల పేరు అంటే, హోమ్స్ అది జర్మన్ మాట అంటాడు. బీబీసీ వారు ఆ వాదనను తలకిందులు చేశారు. పుస్తకం చదవనివారికి అక్కడ ఏం జరిగిందో కూడా తెలియదు. కాబట్టి ముందు గ్రెనాడా, అదీ మొదటి పదమూడు భాగాలు చూడండి. సిడ్నీ పాజెట్ స్ట్రాండ్‌లో గీసిన బొమ్మలు లేచి నడిచినట్లు ఉంటాడు బ్రెట్. ఆ పదమూడూ ‘ఫైనల్ ప్రాబ్లం’తో ముగుస్తాయి గనుక, వాటిని ‘మెమాయిర్స్’ పూర్తిచేసిన తర్వాతే పెట్టుకోండి. ఇదే సిరీస్‌లో 1993లో వచ్చిన రెండు గంటల నిడివి చిత్రాలు మూలకథల నుంచి బాగా దూరం జరిగాయి. వాటిని వదిలేసినా నష్టం లేదు.